మీటరులో పడని షిల్లింగు

ఎం.ఏ. ఇంగ్లీషు చదివే రోజుల్లో మా చేతులు మారిన నోట్సులో ఆధునిక బ్రిటిష్ నాటకానికి ఒక పుట్టినరోజు ఉండేది: 1956 మే 8. ఆ సాయంత్రం లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటరులో జాన్ ఆస్బోర్న్ రాసిన 'లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' తొలిసారి ఆడింది. అంతకుముందు ఉన్నదంతా ఫ్రెంచి కిటికీల గుండా టెన్నిస్ బ్యాటు పట్టుకుని లోపలికి వచ్చే దొరబిడ్డల కాలక్షేపమనీ, ఆ తర్వాత వచ్చిందంతా అసలైన జీవితమనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ పాతవాళ్ళ జాబితాలో అందరికన్నా ముందు కొట్టివేయవలసిన పేరు టెరెన్స్ రాటిగన్‌ది. ఆయన నాటకం ఒక్కటీ మా సిలబస్‌లో లేదు. చదవకుండానే ఆయన పాతబడిపోయాడని మాకు తెలుసు.

ఆ పాఠం తప్పని నాకు తెలియడానికి 2020 జులై దాకా పట్టింది. అందరం ఇళ్ళలో ఉండిపోయిన ఆ రోజుల్లో లండన్ నేషనల్ థియేటర్ వారు తమ 2016 నాటి 'ది డీప్ బ్లూ సీ' ప్రదర్శన రికార్డింగును కొన్నాళ్ళు ఉచితంగా చూడనిచ్చారు. హెలెన్ మెక్‌క్రోరీ హెస్టర్‌గా వేసింది. చూసిన మర్నాడే నాటక ప్రతి సంపాదించి చదివాను. 1952లో డచెస్ థియేటరులో పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ తొలిసారి వేసిన ఆ పాత్ర, తెర లేచేసరికి, ఒక పాత అద్దెగదిలో గ్యాసు పొయ్యి ముందు స్పృహ లేకుండా పడి ఉంటుంది. ఆమె ఒక న్యాయమూర్తి భార్య. మాజీ యుద్ధవిమాన చోదకుడైన ఫ్రెడ్డీ కోసం భర్తను వదిలి వచ్చింది. చావాలనుకుని గ్యాసు తిప్పింది. కానీ ఆనాటి లండన్ అద్దెగదుల్లో గ్యాసు ఊరికే రాదు, మీటరులో షిల్లింగు నాణెం వేయాలి. ఆ నాణెం వేసుకోవాలన్న సంగతి ఆమెకు తోచలేదు. మీటరు ఆగింది కాబట్టి మనిషి బతికింది. మర్యాదస్తుల నాటకమని మా నోట్సు చెప్పిన రచన, చావుకు కూడా చిల్లర కావలసిన గదిలో మొదలవుతోంది.

ఈ కథ వంటింట్లో అమ్మకు చెప్పాను. అమ్మకు ఇంగ్లీషు రాదు, లండన్ మీద ఆసక్తి లేదు. అంతా విని ఒకే ప్రశ్న అడిగింది: "మరి పోలీసు కేసు కాలేదా?" నాటకంలోనూ ఇరుగుపొరుగుల మొదటి కంగారు అదే. బ్రిటన్‌లో 1961 దాకా ఆత్మహత్యాయత్నం నేరం. వాళ్ళు మనకు రాసిపెట్టి వెళ్ళిన శిక్షాస్మృతిలో అదే నేరం 309వ సెక్షనుగా, వాళ్ళు తీసేసిన తర్వాత అరవై ఏళ్ళకు పైగా నిలిచింది. అందుకే అమ్మకు ఆ మొదటి అంకంలో వివరించవలసింది ఏమీ లేకపోయింది. "మన వీధిలో ఎన్ని కిరసనాయిలు స్టవ్వులు పేలాయని చెప్పలేదూ పోలీసులకు," అని మళ్ళీ పప్పు తిరగమోతలో పడింది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతిని గుమ్మం దగ్గర మరో మాటతో చెప్పడమెలాగో తెలిసిన సమాజాలకు రాటిగన్ పాతబడడని నాకు ఆ క్షణంలో తోచింది.

ఆయనకు ఆ విద్య పుస్తకాల నుంచి రాలేదు. కెన్నెత్ మోర్గన్ అనే యువనటుడు కొంతకాలం రాటిగన్ ప్రేమికుడు. ఆయనను వదిలి మరొకరి దగ్గరికి వెళ్ళాడు. అక్కడా నిలవలేక 1949లో గ్యాసుతో ప్రాణం తీసుకున్నాడు. 'ది డీప్ బ్లూ సీ'కి బీజం ఆ వార్త. కానీ ఇద్దరు మగవాళ్ళ ప్రేమ అప్పుడు జైలుకు పంపగల నేరం. 1953లో అంతటి మహానటుడు జాన్ గీల్‌గుడ్‌ను ఆ కారణంగానే అరెస్టు చేసి జరిమానా వేస్తే, ఆ మర్నాటి పత్రికలు చూసిన నటులెందరో నిద్రపోలేదు. పైగా రంగస్థలం మీద మరో తాళం కూడా ఉండేది. 1737 నాటి చట్టంతో మొదలై 1843లో గట్టిపడిన ఏర్పాటు ప్రకారం, డబ్బు తీసుకుని ఆడే ప్రతి నాటకం ముందుగా లార్డ్ ఛాంబర్లేన్ అనే రాజప్రాసాద అధికారి కార్యాలయానికి వెళ్ళాలి. రెండు గినీల రుసుము కట్టి మన నాటకాన్ని మనమే కోయించుకోవాలి. స్వలింగప్రేమ ప్రస్తావననే ఆ కార్యాలయం 1958 నవంబరు దాకా వేదిక మీదికి రానివ్వలేదు. ఆ కత్తిరింపుల తర్కం ఒక్కోసారి ప్రహసనాన్ని మించిపోయేది. నాటకకర్త శామ్యూల్ బెకెట్ 'ఎండ్‌గేమ్'లో దేవుణ్ణి తిట్టే మాట 1957లో రాయల్ కోర్టులోనే ఫ్రెంచిలో నిరభ్యంతరంగా వినిపించింది. మరుసటి ఏడాది అదే మాట ఇంగ్లీషులో వచ్చేసరికి దాన్ని మార్చి 'పంది' అనిపించేదాకా అనుమతి దొరకలేదు.

హెస్టర్ నిజానికి ఆడవేషం వేసుకున్న మగవాడని చెప్పే విమర్శకులు కొందరున్నారు. ఆ మాట నాకు ఎన్నడూ సరిపడలేదు. హెస్టర్‌కు ఉన్న కష్టం మోర్గన్ కష్టం కాదు. ఆమె భర్త మంచివాడు, ప్రియుడు చెడ్డవాడు కాడు. ఆమె ప్రేమకు సరిపడేంత ప్రేమ ఇద్దరిలో ఎవరి దగ్గరా లేదు. తన భార్య ఇలా ఎందుకు చేసిందో ఆ న్యాయమూర్తికి ఎంత చెప్పినా అర్థం కాదు, ఎందుకంటే ఆమె దగ్గర చూపించడానికి ఏ నేరమూ లేదు. రాటిగన్ దాచినది వేరే చోట ఉంది: పై అంతస్తులో ఉండే మిల్లర్. ఒకప్పుడు డాక్టరు, జైలుకు వెళ్ళి వచ్చాడు, వైద్యుల పట్టికలోంచి పేరు తీసేశారు. ఏం చేశాడో నాటకం ఎక్కడా చెప్పదు. చెప్పనందువల్లనే అతను హెస్టర్‌తో మాట్లాడే హక్కు సంపాదించుకుంటాడు: ఆశ లేకుండా బతకడం ఎలాగో తెలిసినవాడు ఆ ఇంట్లో అతనొక్కడే. చివరి అంకంలో హెస్టర్ మళ్ళీ గ్యాసు తిప్పుతుంది, ఒక క్షణం ఆగుతుంది, అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగిస్తుంది. అంతే. ఒక్క ఉపన్యాసం లేదు.

1948 నాటి 'ది బ్రౌనింగ్ వెర్షన్' కూడా ఇదే పనితనం. అనారోగ్యంతో పింఛను లేకుండా బడి వదిలి వెళ్తున్న గ్రీకు మాస్టారు క్రాకర్-హారిస్‌కు ఒక కుర్రవాడు పాత పుస్తకం ఒకటి బహుమతిగా ఇస్తాడు. ఏళ్ళ తరబడి గడ్డకట్టిన ఆ మనిషి కుర్రవాడి ఎదుటే కుప్పకూలి ఏడుస్తాడు. తర్వాత అతని భార్య, అది ప్రేమతో ఇచ్చింది కాదు లంచం అని, మామూలు గొంతుతో, దాదాపు నవ్వుతూ చెబుతుంది. ప్రపంచ నాటకంలో ఇంతకన్నా క్రూరమైన మాట అరుదుగా విన్నాను. అక్కడ ఎవరూ అరవరు.

మరి ఇంతటి రచయిత ఎలా కూలిపోయాడు? కొంత తన చేతులారా చేసుకున్నాడు. 1953లో తన నాటకాల సంపుటికి రాసిన ముందుమాటలో ఆంట్ ఎడ్నా అనే ఒక ప్రేక్షకురాలిని సృష్టించాడు: తీరిక, కాస్త డబ్బు ఉన్న, మధ్యాహ్నం ఆటకు వచ్చే మధ్యతరగతి అవివాహిత. మన మాటల్లో ఎడ్నా పిన్నిగారు అనుకోవచ్చు. నాటకకర్త ఆమెను విసిగించకూడదని ఆయన సరదాగా అన్నది ఆయన మెడకే చుట్టుకుంది. పిన్నిగారి కొంగు పట్టుకున్న రచయిత అన్న ముద్ర పడింది. ఒక్కొక్కటి వెయ్యికి పైగా ఆటలు ఆడిన రెండు హాస్యనాటకాలు రాసినవాడు, ధనవంతుడు, మంచి సూట్లు తొడిగేవాడు. కాబట్టి నమ్మడం సులువైంది. 'లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' మొదటి ఆటకు వెళ్ళి, బయటికి వస్తూ, తాను రాటిగన్‌లా రాయడం లేదని చూపించుకోవడమే ఆ కుర్రవాడి ఉద్దేశంలా ఉందని ఒక విలేఖరితో అన్నాడట. తెలివైన మాట. అన్నందుకు ఇరవై ఏళ్ళు మూల్యం చెల్లించాడు.

ఇక్కడ ఆస్బోర్న్ పక్షానికి న్యాయం చేయకపోతే నా వాదన నిలవదు. 1950ల తొలి సగంలో లండన్ వాణిజ్య నాటకశాలల పేట వెస్ట్ ఎండ్ ఒక మూసిన ఇల్లు. హెచ్.ఎం. టెనెంట్ కంపెనీ అధిపతి బింకీ బోమంట్ ఇష్టపడకపోతే పెద్ద నటులు, మంచి హాళ్ళు దొరకడం కష్టం. వినోదపు పన్ను తప్పించుకోవడానికి లాభాపేక్ష లేని అనుబంధ సంస్థను కూడా నడిపిన ఘనుడాయన. ఆ వేదికల మీద శ్రామికుడు కనిపిస్తే పనిమనిషిగానో, నవ్వించే కానిస్టేబులుగానో కనిపించాలి. విమర్శకుడు కెన్నెత్ టైనన్ 1954లోనే ఈ నాటకాలన్నీ జరిగే ఊహా జిల్లాకు 'లోమ్‌షైర్' అని పేరు పెట్టి వెక్కిరించాడు. మిఠాయి కొట్టు నడుపుతూ, ఆదివారం పత్రికలు చదువుతూ, ఇరుకు గదిలో అందరినీ తిట్టే ఆస్బోర్న్ కథానాయకుడు జిమ్మీ పోర్టర్ ఆ జిల్లా వాడు కాదు. ఆ నాటకాన్ని చూడాలనుకోనివారిని తాను ప్రేమించగలనా అన్న సందేహం వెలిబుచ్చుతూ టైనన్ రాసిన సమీక్ష, అక్టోబరులో బీబీసీ టెలివిజన్‌లో చూపిన ఒక భాగం కలిసి రాయల్ కోర్టుకు కొత్త ప్రేక్షకులను రప్పించాయి. ఆ తలుపు తెరిచినవాడు ఆస్బోర్నే, కాదనను.

కానీ తెరిచిన తలుపు లోపల ఏ ఇల్లు ఉందో చూడాలి. మూడు అంకాలు, ఒకే గది. మొదటి అంకంలో భార్య ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఉంటుంది. రెండో అంకంలో వెళ్ళిపోతుంది, ఆమె స్నేహితురాలు ఆ స్థానంలోకి వస్తుంది. మూడో అంకం మొదట్లో అదే ఇస్త్రీ బల్ల దగ్గర ఇప్పుడు స్నేహితురాలు. చివరికి భార్య తిరిగివస్తుంది. ఇంత లెక్కగా కట్టిన నాటకాన్ని రాటిగన్ కూడా అభినందించవలసిందే. మారినది గొంతు స్థాయి, గదిలో ఉన్నవారి తరగతి. ఇంకొకటి కూడా ఉంది. నేను ఆ నాటకాన్ని ఇప్పుడు చదివితే జిమ్మీ ఉపన్యాసాలు నా చెవిలోంచి జారిపోతాయి. వాటి కింద ఇస్త్రీ చేస్తూ, గర్భవతినన్న సంగతి కూడా మొగుడితో చెప్పలేక మౌనంగా నిలబడ్డ ఆలిసన్‌నే చూస్తూ ఉండిపోతాను. రాటిగన్ అయితే నాటకాన్ని ఆమె వైపు నుంచి రాసి ఉండేవాడు. కోపం అన్న మాటను శీర్షికలోనే పెట్టుకున్న నాటకంలో ఇవాళ్టికీ వేడి తగ్గనిది, కోపం మాట్లాడని చోటే.

ఆస్బోర్న్ కన్నా పెద్ద తిరుగుబాటు మాంచెస్టరు పక్కనున్న సాల్ఫర్డ్ నుంచి వచ్చిందని నా అభిప్రాయం. షీలా డెలనీ అనే 19 ఏళ్ళ అమ్మాయి మాంచెస్టరులో రాటిగన్ 'వేరియేషన్ ఆన్ ఎ థీమ్' చూసి, ఇంతకన్నా నేనే బాగా రాయగలనని కూర్చుని 'ఎ టేస్ట్ ఆఫ్ హనీ' రాసింది. 1958 మేలో దర్శకురాలు జోన్ లిటిల్‌వుడ్ దాన్ని తూర్పు లండన్ స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆడించింది. రాటిగన్ నాటకాల్లో అది బలహీనమైనదే. అమ్మాయి చెప్పింది నిజం.

ఇప్పుడు నోట్సులో అసలు చోటు దక్కని వాళ్ళ దగ్గరికి వస్తాను. 1950 నుంచి పదహారేళ్ళ పాటు వైట్‌హాల్ థియేటరులో బ్రయన్ రిక్స్ బృందం ప్రహసనాలు ఆడింది. 'రిలక్టెంట్ హీరోస్' 1,610 ఆటలు, దాని వెనకే వచ్చిన 'డ్రై రాట్' 1,475 ఆటలు. జారే ప్యాంట్లు, చప్పుడు చేసే తలుపులు, బీరువాలో దాక్కునే మనుషులు. విమర్శకులు వీటిని చూసి ముక్కు చిట్లించారు, జనం బస్సులు కట్టించుకుని వచ్చారు. నాకు మాత్రం ఈ ప్రహసనమూ రాటిగన్ విషాదమూ ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లా అనిపిస్తాయి. రెండింటిలోనూ ఎవరో ఏదో దాస్తున్నారు, బయటపడితే పరువు పోతుంది. ఆ భయమే రెండింటికీ ఇంధనం. రిక్స్ నాటకంలో బీరువా తలుపు మూడు నిమిషాలకొకసారి తెరుచుకుంటుంది, లోపల ఉన్నవాడు లోదుస్తుల్లో దొరికిపోతాడు, హాలు గొల్లుమంటుంది. రాటిగన్ నాటకంలో ఆ తలుపు మూడు అంకాలూ మూసే ఉంటుంది. అందరూ దాని ముందు నుంచే నడుస్తుంటారు. కొన్ని వందల గజాల దూరంలోని రెండు హాళ్ళలో ఒకే సమాజం తన భయాన్ని ఒకచోట నవ్వుతూ, ఒకచోట దిగమింగుతూ చూసుకుంది.

ఈ రెండు గదుల మధ్య గోడను పగలగొట్టినవాళ్ళు ఆస్బోర్న్ శిష్యులు కారు. హెరాల్డ్ పింటర్ కొన్నేళ్ళు డేవిడ్ బారన్ అన్న పేరుతో ఊరూరా రెపర్టరీ కంపెనీల్లో నటించాడు. వారానికో నాటకం చొప్పున వెస్ట్ ఎండ్‌లో ఆడిపోయిన థ్రిల్లర్లు, డ్రాయింగురూము నాటకాలు ఒంటబట్టించుకున్నాడు. 1958 మేలో హామర్‌స్మిత్‌లో ఆడిన ఆయన 'ది బర్త్‌డే పార్టీ' సముద్రతీరపు బోర్డింగు ఇంట్లో జరుగుతుంది. ఎవరో ఇద్దరు వస్తారు, ఎందుకు వచ్చారో తెలియదు, అడగరు. నాటకం ఎనిమిది ఆటలకే మూతపడింది. విమర్శకుడు హెరాల్డ్ హాబ్సన్ మెచ్చుకుంటూ రాసిన సమీక్ష ఆదివారం వెలువడేసరికి హాలు ఖాళీ. పింటర్ విరామాలను జనం కొత్త భాష అన్నారు. రాటిగన్ పాత్రలు చెప్పకుండా వదిలేసిన మాటల పక్కన వాటిని పెట్టి చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది. తేడా ఒక్కటే: రాటిగన్‌లో ఏం దాచారో ప్రేక్షకుడు ఊహించగలడు, పింటర్‌లో ఊహించలేడు.

మరో నాటకకర్త జో ఆర్టన్ అయితే ఏకంగా రిక్స్ బీరువానే ఎత్తుకుపోయాడు. 1964లో ఆయన 'ఎంటర్‌టెయినింగ్ మిస్టర్ స్లోన్' చిన్న హాల్లో ఆడుతుంటే, దాన్ని వెస్ట్ ఎండ్‌కు తరలించడానికి 3,000 పౌండ్లు సొంత డబ్బు పెట్టినవాడు ఎవరో కాదు, పాతబడిపోయిన రాటిగనే. ఆర్టన్‌కు పత్రికలకు దొంగ ఉత్తరాలు రాసే సరదా ఉండేది. తన నాటకాన్నే అసహ్యించుకుంటూ ఒక మర్యాదస్తురాలి పేరుతో రాసిన ఉత్తరాల్లో సంతకం ఎడ్నా వెల్‌థార్ప్. పిన్నిగారిని పుట్టించినవాడు డబ్బు పెట్టాడు, పిన్నిగారి పేరు దొంగిలించినవాడు ఆ నాటకాన్నే తిట్టుకున్నాడు. 'లూట్'లో తల్లి శవాన్ని బీరువాలో తలకిందులుగా నిలబెట్టి, శవపేటికలో బ్యాంకు దొంగసొమ్ము దాస్తారు. రిక్స్ యంత్రాంగమంతా అదే, కానీ తలుపు తెరుచుకున్నప్పుడు లోపల ప్యాంటు లేని గుమాస్తా బదులు అమ్మ ఉంది. శవం పాత్రను నటి వేయకూడదనీ, బొమ్మే వాడాలనీ లార్డ్ ఛాంబర్లేన్ కార్యాలయం షరతు పెట్టింది. ఆ షరతే ఆర్టన్ రాసిన సంభాషణలా లేదూ?

ఇలా చెబుతున్నప్పుడు ఒక స్నేహితుడు, "అయితే సెన్సారు ఉండడమే మంచిదయింది, లేకపోతే ఆ మౌనం పుట్టేదే కాదు కదా," అన్నాడు. ఈ మాట చాలామంది అంటారు, వినడానికి బాగుంటుంది, నేను ఒప్పుకోను. సంకెళ్ళతో నాట్యం చేసినవాడు గొప్పవాడు కావచ్చు, ఆ గొప్పతనం సంకెళ్ళదేమీ కాదు. ఒక రాటిగన్ దారి కనుక్కున్నాడంటే, దారి దొరక్క రాయడమే మానుకున్నవాళ్ళు ఎందరో ఏ గ్రంథాలయంలోనూ ఉండరు. 1965లో ఆస్బోర్న్ 'ఎ పేట్రియట్ ఫర్ మీ'కి అనుమతి దొరక్క రాయల్ కోర్ట్ తనను తాను సెన్సారు అనుమతి అక్కర్లేని సభ్యుల క్లబ్బుగా మార్చుకుని ఆడించి డబ్బు పోగొట్టుకుంది. అదే ఏడాది ఆడించిన ఎడ్వర్డ్ బాండ్ నాటకం 'సేవ్డ్' వల్ల కోర్టులో విచారణ ఎదుర్కొంది. తలవంచనందుకు ఆ థియేటరుకు ఉన్న గౌరవంలో పిసరు కూడా నేను తగ్గించను. మన దేశంలో నాటకాలను ఆపడానికి 1876లో అదే ప్రభుత్వం చేసిన చట్టం 2018 దాకా పుస్తకాల్లో బతికే ఉందని తెలిసినవాళ్ళం, సెన్సారు సేవలను పొగిడే తొందర మనకు అక్కర్లేదు.

బ్రిటన్‌లో ఆ అధికారం 1968 సెప్టెంబరు 26తో ముగిసింది. అప్పటికి ఆర్టన్ చనిపోయి ఏడాది దాటింది. 1967 ఆగస్టులో సహచరుడే ఆయనను చంపాడు. ఆయన చివరి నాటకం 'వాట్ ద బట్లర్ సా' 1969 మార్చిలో క్వీన్స్ థియేటరులో ఆడింది. చివర్లో ఒక పెట్టెలోంచి, గ్యాసు గొట్టం పేలి విరిగిన చర్చిల్ విగ్రహపు మర్మాంగాన్ని పైకెత్తి చూపాలని రచయిత రాశాడు. అడ్డుచెప్పే అధికారి ఎవరూ లేరు. అయినా ఆ రాత్రి పెట్టెలోంచి బయటికి తీసింది చుట్ట. అంత జాగ్రత్త పడ్డా గ్యాలరీ జనం అల్లరి చేశారు.

రాటిగన్ దగ్గరా అలాంటి పెట్టె ఒకటి ఉంది. 1954 నాటి 'సెపరేట్ టేబుల్స్'లో బోర్న్‌మత్ హోటలులో బస చేసే మేజర్ పొలాక్ సినిమా హాల్లో ఆడవాళ్ళను తాకినందుకు పట్టుబడి, పరువు పోయి, సాటి బసవాళ్ళ ముందు భోజనానికి కూర్చోవలసి వస్తుంది. రాటిగన్ మనసులో ఉన్న నేరం అది కాదు. లార్డ్ ఛాంబర్లేన్ పెత్తనం లేని న్యూయార్క్‌లో 1956లో నాటకం ఆడబోతున్నప్పుడు, మేజరు మగవాళ్ళను పలకరించి పట్టుబడినట్టు ఆ భాగాలను తిరగరాశాడు. అక్కడి నిర్మాత వద్దన్నాడు, పాత ప్రతే ఆడింది. కొత్త కాగితాలు లోపలే ఉండిపోయాయి. చట్టం పోయాక రాటిగన్ ఇంకా తొమ్మిదేళ్ళు బతికాడు, 1971లో సర్ బిరుదు అందుకున్నాడు, 1977లో బెర్ముడాలో చనిపోయాడు. అచ్చులో ఉన్న మేజర్ పొలాక్ మాత్రం ఆనాటికీ ఆ సినిమా హాల్లోనే కూర్చుని ఉన్నాడు.